తలుపు పైన ఖాళీ పట్టీ

అట్లా కాదు తల్లీ, ఆ మాట కొట్టెయ్. "పూర్వం ఒకానొక గ్రామమున" అని బడిలో చెప్పినట్టు మొదలుపెట్టకు. నేను మెల్లగానే చెబుతాను, నువ్వు నేను చెప్పింది చెప్పినట్టే రాయి. చెరకు దగ్గర మొదలుపెట్టు. ఆ ఏడు హజ్జు చెరకు కోతల్లో పడింది అని రాయి. రాశావా? ఊఁ.

హజ్జు ఏటా పది రోజులు ముందుకు జరుగుతుంది కదా రుఖయ్యా. నా ఆయుష్షులో అది ఎండల్లో రావడం చూశాను, చలిలో రావడం చూశాను. ఆ ఏడు మాత్రం చెరకు నరికేటప్పుడు వచ్చింది. పొద్దున్నే నైలు మీద మంచు. మధ్యాహ్నం చెరకాకు తగలబెట్టిన పొగ. నల్లటి బూడిద పేలికలు గాల్లో తేలుతూ వచ్చి ఆరేసిన బట్టల మీద, టీ గ్లాసుల్లో, ఆడపిల్లల జడల్లో వాలేవి. ఊరు ఊరంతా సగం నిద్రలో ఉన్నట్టుండేది. చెరకు రైలు ఊరి మధ్య నుంచి మనిషి నడిచినంత నిదానంగా పోయేది. దాని కూత కూడా ఆవలింత మాదిరే.

ఆ ఏడు హజ్జుకు ఎవరు పోవాలో తీసిన చీటీల్లో మా అక్క హమ్దియా పేరు వచ్చింది. నీకు జేజి వరస. అప్పటికి ఆమెకూ నాకూ ఆరేళ్ళుగా మాటల్లేవు.

ఎందుకంటే, గోడ.

నాకు పదిహేడేళ్ళప్పుడు మా అమ్మ సూయెజ్ నుంచి ఓడెక్కి హజ్జుకు పోయింది. ఆమె తిరిగొచ్చేలోగా ఇంటి ముందు గోడ మీద బొమ్మలు వెయ్యాలి కదా, మా ఊళ్ళో అప్పుడు వేసేవాడు లేడు. నేనే వేశాను. నేను వేసిన మొదటి గోడ అది. సముద్రం నేను చూడలేదు. చూసినవాణ్ణి అడిగితే, నైలుకు అవతలి ఒడ్డు లేదనుకో, అన్నాడు. అట్లాగే వేశాను. నీలిమందు కలిపిన సున్నంతో నీళ్ళు, దాని మీద ఓడ, ఓడ మీద మా అమ్మ. ఓడ కంటే అమ్మే పెద్దగా వచ్చింది. తలుపు పైన రాతకు మసీదు అయ్యవారు బొగ్గుతో గీసిచ్చిన అక్షరాలు చూసి దించాను. నేను బడికి పోయింది రెండు చలికాలాలు. ఇప్పటికీ గోడ మీద అక్షరం దించడం బాగా వచ్చు, చదవడం కూడబలుక్కోవాలి, కాగితం మీద ఇంత కథ రాయడం నా వల్ల కాదు.

అమ్మ పోయాక ఆ ఇల్లు అక్కకు వచ్చింది. వానలు కురిసిన ఏడు నేను ఖెనాలో మిఠాయి కొట్టు గోడలు రాస్తూ నెల రోజులు ఉండిపోయాను. తిరిగొచ్చి చూస్తే గోడ లేదు. ఉంది, సిమెంటు పూసి ఉంది. నున్నగా, బూడిదరంగులో, చచ్చిన చేప పొట్ట మాదిరి. నేను గడప దగ్గరే నిలబడి, "అమ్మను రెండోసారి పూడ్చావే" అన్నాను. మా అక్క మాట మింగే మనిషి కాదు. "గోడను గోడ అనుకోరా పిచ్చోడా!" అని వెనకనుంచి అరిచింది. అంతే. రెండు వీధుల దూరం, ఆరేళ్ళ మౌనం. పెళ్ళిళ్ళలో ఆమె భోజనాల వైపు ఉంటే నేను దీపాల వైపు చూసేవాణ్ణి.

మన ఆచారం నీకు తెలుసు. హజ్జుకు పోయే మనిషి బయలుదేరేముందు ఇంటింటికీ పోయి, నా వల్ల తప్పేదైనా జరిగుంటే మాఫీ చెయ్యండి అని అడగాలి. అవతలివాళ్ళు మాఫీ అనాలి. ఒక్క మనసు ముడి విప్పకపోయినా ఆ ముడి కాళ్ళకు చుట్టుకుని మక్కా దాకా వస్తుందని మా పెద్దవాళ్ళు అనేవాళ్ళు.

ప్రయాణానికి ముందురోజు నేను మిద్దె మీద ఉన్నాను. మీ జేజి బహియా రొట్టెల పిండి ఉండలు ఎండలో పొంగబెట్టి, పిట్టలు తోలమని నన్ను పైకి పంపింది. వీధి మలుపులో నల్లబట్టల్లో అక్క కనబడింది. చేతికర్ర తాటించుకుంటూ మా ఇంటి వైపే వస్తోంది. దిగాలి. చెరకాకు మోపులు పేర్చి ఉంటే వాటి వెనక్కు పోయి కూర్చున్నాను.

కింద వాకిట్లో గొంతు వినబడింది. "బహియా, వాడేడే?"

బహియా వెంటనే పలకలేదు. నేను దిగుతానేమోనని చూసినట్టుంది. నేను దిగలేదు.

"ఎస్నాకు పోయినాడు వదినా. ఏదో కొట్టుకు పేరు రాయాలంట."

"రేపు నేను పోతా ఉంటే ఈరోజే దొరికిందా వాడికి ఎస్నా? సరే, టీ పెట్టు. కాళ్ళు లాగతా ఉండాయి."

గ్లాసులో చెంచా తిప్పిన చప్పుడు. "చక్కెర తక్కువేసినావే. హజ్జుకు పోయేదాని దగ్గర కూడా పిసినారితనమా?"

"నాలుగు చెంచాలు వేసినా వదినా!"

"నీ చెంచాలు చిన్నవి."

ఇద్దరూ నవ్వారు. మంచం కిర్రుమంది. అప్పుడు చెప్పింది అక్క. నా వీపుకు మోపులు గుచ్చుకుంటున్నాయి, ఒక్కొక్క మాటా విన్నాను.

"వాడొస్తే చెప్పు. ఆ వానలకు గోడ పొట్ట ఉబ్బింది. దాని కింద మా పెద్దోడు నూబీ బిడ్డ నిద్రపోతా ఉండె. నేను భయపడినా. మేస్త్రీ, ఆలస్యం చేస్తే కూలుద్దమ్మా అన్నాడు. పూయించినా. అందులో నా తప్పు లేదు. కానీ వాడికి కబురు పెట్టి ఉండాల. ఖెనా ఎంత దూరం? పెట్టలేదు. వాడొస్తే పూయనీడని తెలుసు, అందుకే పెట్టలేదు. అది తప్పు. దానికి మాఫీ అడగతా ఉండానని చెప్పు. ఊళ్ళో అందర్నీ అడిగినా, కడాకు ఆ పిండిమర దొంగను గూడా అడిగినా. వీడొక్కడు చేస్తే నా కాళ్ళు తేలికగా నడుస్తాయి."

"చెప్తాలే వదినా."

"వాడి బదులు నువ్వు మాఫీ చెయ్యమాక, వాడే చెయ్యాల."

ఆమె పోయింది. బహియా మెట్లెక్కి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూసింది. "గోడల మీద సింహాలు వేస్తాడంట సింహాలు. అక్కొస్తే కోడి మాదిరి గడ్డిలో దూరినాడు. హజ్జుకు పోయే మనిషి ముందర నా చేత అబద్ధం ఆడిస్తివి గదయ్యా. ఈ పాపం నీదే, నాకొద్దు."

పిండి ఉండలు రెండు పిట్టలు పొడిచి పోయాయి. వాటినీ నా పేరునే వేసింది.

మర్నాడు డోళ్ళు, తెల్లజెండాలు, నాలుకలాడించి ఆడవాళ్ళు వేసే సంబరపు కేకలు. నేను చెరకు తోటల్లో ఉన్నాను. అంత దూరానికీ వినబడ్డాయి.

వారం తర్వాత అక్క పెద్దకొడుకు నూబీ వచ్చాడు. గడప దాటకుండా నిలబడ్డాడు.

"మామా, గోడ రాయాల."

"నాకు తీరిక లేదు."

"సరే మామా. ఏటికవతల నుంచి పిలిపిస్తాలే. ఆయన దగ్గర రేకు అచ్చులు ఉండాయంట. అచ్చు పెట్టి రంగు కొడితే సగం పూటలో అయిపోతుందంట. కాబా, విమానం, పావురాలు, అన్నీ అచ్చులే."

"రేకు అచ్చులా? మీ అమ్మ గోడకా?"

"నీకు తీరిక లేదు గదా మామా."

లోపల బహియా పళ్ళెం గట్టిగా పెట్టింది. నేను కుంచెలు తీశాను. బొమ్మలు వేస్తాను, అన్నాను. రాత సంగతి నేను ఎత్తలేదు, వాడూ అడగలేదు.

ఆ సిమెంటు మీద సున్నం కొట్టాను. తడి ఆరుతుంటే గోడ తెల్లబడుతూ వచ్చింది, పొద్దున్నే మంచు లేచినట్టు. చెవి ఆనించి చూశాను, నవ్వకు తల్లీ. లోపల అమ్మ ఉంది కదా. ఏమీ వినబడలేదు, సున్నం పీల్చుకునే చప్పుడు తప్ప. కాబా వేశాను. విమానం వేశాను. తెల్లబట్టల్లో చేతులు చాపి ప్రార్థించే అక్కను వేశాను. పావురాలు వేశాను. ఆ రోజుల్లో నేను మేలుకుని ఉన్నానో, నిద్రలో ఉన్నానో నాకే తెలిసేది కాదు. బూడిద రాలుతూ ఉండేది, రైలు ఆవలిస్తూ పోయేది, చెయ్యి దానంతట అది తిరిగేది. మూడోరోజు చూసుకుంటే విమానం కింద సముద్రం, సముద్రంలో ఓడ. లోపల అమ్మ ఓడ ఎక్కడుందో సరిగ్గా దాని మీదే.

నూబీ వచ్చి చూసి తల గోక్కున్నాడు. "మామా, మాయమ్మ విమానంలో గదా పోయింది. ఓడెందుకు?"

"ఓడ లేకపోతే సముద్రం బోసిగా ఉంటుంది."

"మరి సముద్రమెందుకు?"

"పోరా, పని చూసుకో."

బొమ్మలన్నీ అయ్యాయి. తలుపు పైన, గోడ ఈ చివర్నుంచి ఆ చివరి దాకా, జానెడు వెడల్పు పట్టీ మాత్రం తెల్లగా ఉంచేశాను. అక్కడ రావాల్సింది ఊళ్ళో ప్రతి హాజీ తలుపు మీదా ఉండేదే. హజ్జు కబూలు, పాపం మాఫీ. అంటే దేవుడు హజ్జు ఒప్పుకున్నాడు, పాపం మన్నించాడు అని. దాని పక్కన మనిషి పేరు. నిచ్చెన వేసుకుని ఎక్కేవాణ్ణి, కుంచె ముంచేవాణ్ణి, దిగేవాణ్ణి. రాస్తే నేను మాఫీ చేసినట్టే. చెయ్యకుండా రాస్తే అబద్ధం, అదీ హజ్జు గోడ మీద. రాయకపోతే అక్క ఊరందరి ముందు బోడి తలుపులోకి నడవాలి. ఆమె రావడానికి ఇంకా పది రోజులుంది.

అప్పుడు వచ్చింది ఆ పోర్చుగల్ ఆమె, ఒలింద.

బయటి దేశాల నుంచి సెలవులకు వచ్చేవాళ్ళు రాజుల సమాధులు చూసి, పడవెక్కి పోతారు. మా వీధుల్లోకి రారు. ఈమె వచ్చింది. యాభై దాటిన మనిషి, టోపీకి చిల్లు, చంకలో లావుపాటి పుస్తకం. గాడిదబండి వెనక రాసిన రాత చూస్తే చాలు, బండితో పాటు నడుస్తూ బొమ్మ దించేసేది. మంగలి కొట్టు బోర్డు దించింది. తాగునీళ్ళ కుండల మీద ఉన్న రాత దించింది. గొర్రెల కొట్టం తలుపు మీద "అమ్మబడును" దించింది. ఎక్కడో పుస్తకం చూసి మన భాష నేర్చుకుందంట. ఆమె మాట్లాడుతుంటే టీకొట్టు దగ్గర జనం పొట్టలు పట్టుకునేవాళ్ళు.

"అయ్యా, మీకు శాంతి కలుగుగాక. ఈ శకటముపై వ్రాసినది ఎవరి హస్తము?"

బండివాడు బిత్తరపోయి, "ఏ శకటమమ్మా? నాది గాడిదబండి!" అన్నాడు.

ఆ బండి మీద "కుళ్ళుకునే కంట్లో పుల్ల" అని రాసింది నేనే. వాడు నన్ను చూపించాడు. ఆమె నా దగ్గరకొచ్చి టోపీ తీసింది. నాకు టోపీ తీసినవాళ్ళు అంతకు ముందు లేరు, తర్వాతా లేరు.

"నేనును వ్రాయుదానను. మా ఊరిలో పడవల ముక్కుపై పేర్లు వ్రాయుట నా వృత్తి. పదునాలుగు దినములు సెలవు పెట్టి వచ్చితిని."

"సెలవు పెట్టి వచ్చి కూడా రాతలేనా అమ్మా? రొట్టెలు కాల్చేవాడు పండగపూట ఇంకొకడి పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంది."

ఆమె నవ్వింది. "ఇంకొకని పొయ్యి వద్ద వాసన బాగుండును."

అప్పటినుంచి రోజూ వచ్చేది. నేను వేసిన బొమ్మలకు మెరుగులు దిద్దుతుంటే ఎదురుగా చెరకు గడల కట్ట మీద కూర్చునేది. చెరకు నమలడం బహియా నేర్పింది. బహియాకు ఆమె మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు ఇసకలో వేలితో అక్షరాలు గీసి చూపించాను. ఆమె నా వేలిని చూడకుండా నా ఛాతీని చూస్తోంది.

"అక్షరము వంపు తిరుగు చోట మీరు ఊపిరి బిగబట్టుదురు. పడవ మీద వ్రాయునపుడు నేనును అంతే. మీకు తెలియునా?"

నాకు తెలియదు. నలభై ఏళ్ళు రాశాను, నా ఊపిరి సంగతి నాకు తెలియదు.

తలుపు పైన పట్టీ చూసి మొదటి రోజే అడిగింది. "అయ్యా, ఈ స్థలమును ఏల ఖాళీగా విడిచితిరి?"

"రంగు అయిపోయిందమ్మా."

నా కాళ్ళ దగ్గరే గిన్నె నిండా నీలం ఉంది. ఆమె గిన్నెను చూసింది, నన్ను చూసింది, పుస్తకం తెరిచి ఇంకేదో గీసుకుంది.

రోజులు పోయాయి. అక్క వచ్చేది శుక్రవారం. బుధవారం మధ్యాహ్నం ఒలింద వచ్చి, రేపు సాయంత్రం బండికి పోతున్నానని చెప్పింది. పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. "చూడుడు."

తెరిచాను. మొదట బండ్లు, కొట్లు. ఆ తర్వాత గోడలు. అన్నీ నావే. మా ఊళ్ళో, పక్క ఊళ్ళో, కాలువ అవతల, నలభై ఏళ్ళలో నేను రాసిన తలుపు రాతలన్నీ ఒక్కొక్క పేజీలో ఒక్కొక్కటి. రంగు వెలిసింది వెలిసినట్టు, సున్నం రాలింది రాలినట్టు దించింది. అంత మంచి దింపకం నేను చూడలేదు. నా చెయ్యి వణికిన చోట ఆమె గీత కూడా వణికింది.

హజ్జు కబూలు, పాపం మాఫీ. పేజీ తిప్పాను. హజ్జు కబూలు, పాపం మాఫీ. ఇది పిండిమర వాడిది, ఆయన గోధుమపిండిలో ఏం కలిపేవాడో ఊరందరికీ తెలుసు. తిప్పాను. ఇది మా మామ మీద దొంగసాక్ష్యం చెప్పినాయనది. ఆ రోజు ఎండగా ఉంటే ఆ ఇంట్లోవాళ్ళు నాకు మజ్జిగ ఇచ్చారు, తాగి, రాసి వచ్చాను. తిప్పాను. ఇది నోటితో ఊరిని కరిచి చంపిన ఒక ముసలామెది. ఆమెకు "మాఫీ" మీద పువ్వు కూడా వేశాను, చోటు మిగిలిందని. ఒక్కరి దగ్గరా నా చెయ్యి ఆగలేదు. పేజీలు తిప్పుతూ ఉంటే నలభై ఏళ్ళూ ఒక్క మధ్యాహ్నంగా నా ముందు తేలిపోయాయి. బూడిద పేలిక ఒకటి వచ్చి పేజీ మీద వాలింది. ఊదేశాను.

చివరి పేజీలో అక్క గోడ. కాబా ఉంది, విమానం ఉంది, ఓడ ఉంది. తలుపు పైన కాగితం తెల్లగా వదిలేసింది.

"ఇక్కడ నేను ఏమి వ్రాయవలెను?" అని అడిగింది ఒలింద.

"రేపు పొద్దున్నే రా అమ్మా" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో అప్పటికి నాకు సరిగ్గా తెలియదు తల్లీ. అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది.

గురువారం పొద్దున ఇంకా మంచు విడవలేదు. నూబీ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "మామా! అమ్మ వాళ్ళ విమానం ఒకరోజు ముందే దిగిందంట! వంతెన దగ్గరికి వచ్చేసినారంట! చెరకు రైలు పట్టాలు దిగి దారికి అడ్డం పడింది, వ్యాను ఆగిపోయింది. లేకుంటే ఈపాటికి ఇంట్లో ఉందురు!"

చెరకు రైలు పట్టాలు దిగడం మాకు కొత్త కాదు. పదిమంది గడ్డపలుగులు వేసి ఎత్తితే మళ్ళీ ఎక్కుతుంది. ఎంతసేపు? ఒక్కోసారి టీ తాగినంతసేపు, ఒక్కోసారి పూట.

నేను నిచ్చెన ఎత్తుకుని పోయేసరికి ఒలింద అక్కడ ఉంది. గిన్నెలో రంగు కలిపి రెండు చేతులతో పైకి పట్టుకుంది. నేను ఎక్కాను. వంతెన వైపు నుంచి డోళ్ళు మొదలయ్యాయి. రైలు దగ్గరే వాయించేస్తున్నారు, ఆగలేక.

ముందుగీత గీయలేదు, తాడు పట్టి కొలవలేదు. కుడి చివర మొదలుపెట్టాను. హజ్జు. కబూలు. పాపం. మాఫీ రెండో అక్షరం దగ్గర చెయ్యి ఆగింది. ఒలింద గిన్నెను ఇంకాస్త పైకి ఎత్తింది. మునివేళ్ళ మీద నిలబడి ఎత్తింది, రంగు ఆమె మణికట్టు మీదుగా కారుతోంది. కుంచె ముంచాను. రాశాను. పేరు రాశాను. ఊపిరి వదిలాను. ఆ వదిలినప్పుడు వచ్చిన చప్పుడు ఆమెకు వినబడింది, తల ఊపింది.

నిచ్చెన పక్కకు లాగామో లేదో వ్యాను వచ్చింది. తెల్లజెండాలు, డోళ్ళు, కేకలు. నూబీ గడప దగ్గర కోయడానికి పొట్టేలును పట్టుకుని నిలబడ్డాడు. అక్క దిగింది. సగం అయిపోయింది మనిషి. తెల్లబట్టల్లో, ఎండకు కమిలిన మొహంతో, గాల్లోంచి వచ్చినదాని మాదిరి ఉంది. జనం చేతులు ముద్దుపెట్టుకోవడానికి ముసురుకున్నారు. ఆమె అందర్నీ కర్రతో పక్కకు జరిపి గోడ ముందుకు వచ్చింది. కింద నుంచి పైదాకా చూసింది. మా అక్కకు అక్షరం ముక్క రాదు.

"ఒరే, ఏం రాసినావురా పైన?"

నాతోనే అంది. ఆరేళ్ళకు మొదటి మాట. డోళ్ళవాళ్ళు ఆపేశారు.

రాయడం ఒకటి తల్లీ, చదివి చెప్పడం ఇంకొకటి. కూడబలుక్కున్నాను. "హజ్జు కబూలు. పాపం మాఫీ."

"నూబీ రాయమన్నాడా?"

"ఎవరూ అనలేదు. నేనే రాసినా."

ఆమె కర్ర ఎత్తి ఓడను చూపించింది. "అక్కడే గదా ఉండేది అమ్మ ఓడ?"

"అక్కడే."

"ఇంకో జానెడు కిందకుండె."

"సిమెంటు మందం ఎక్కువక్కా. లెక్క తప్పింది."

"నీకు ఎప్పుడు కుదిరింది లెక్క" అని, నా భుజం పట్టుకుని గడప దాటింది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. మధ్యాహ్నం మా ఇంటికొచ్చి మక్కా నుంచి తెచ్చిన జంజం బావి నీళ్ళు మాకు తాగడానికి పోసింది. బహియా టీ ఇస్తే, చెంచాలు పెరిగినాయే, అంది. ఒలింద ఆ సాయంత్రం పోతూ పోతూ తన పుస్తకంలో చివరి పేజీ నా చేత నింపించుకుంది. ఎక్కడుందో ఇప్పుడు, ఏ పడవ మీద ఎవరి పేరు రాస్తోందో.

అయిపోలేదు, కలం పెట్టకు. అసలు రాయాల్సింది ఇప్పుడు.

ఆనాటి నుంచి ఈనాటి దాకా, ఇన్నేళ్ళుగా, అక్క ఎవరు కనబడితే వాళ్ళకు ఒక కథ చెబుతుంది. నువ్వూ విన్నావు. "నేను మాఫీ అడగడానికి పోయినప్పుడు వాడు ఊళ్ళో లేడు, ఎస్నాలో ఉండాడు. నా మాట వాడు వినలేదు. బహియా చెప్పేలోపల వాడే గోడ మీద రాసిపెట్టినాడు. అడక్కుండానే మాఫీ చేసినాడు నా తమ్ముడు, అట్లాంటి తమ్ముడు ఎవరికుండాడు?" అంటుంది. జనం నా వైపు చూస్తారు. నేను టీ గ్లాసు వైపు చూస్తాను. బహియా బతికున్నన్నాళ్ళు ఆ కథ వస్తే లేచి లోపలికి పోయేది. నాతో ఒక్కటే అంది, పోయే ఏడు. "నా చేత ఆడించిన అబద్ధం నువ్వే దించాల."

నేను దించలేదు. ఆమె మొహం వెలిగిపోతూ చెబుతుంటే ఎట్లా దించను? అట్లా అనుకుంటూ గడిపేశాను. అది కూడా భయమే, ఇంకేం కాదు.

రేపు మీరంతా హుర్ఘదా పోతున్నారు, నూబీ మనవరాలి పెళ్ళికి. నా మోకాళ్ళు రానివ్వవు. పెళ్ళిలో పదూళ్ళ జనం ఉంటారు, అక్క మధ్యలో కూర్చుని ఆ కథ మళ్ళీ చెబుతుంది. ఆమె మొదలుపెట్టకముందే నువ్వు పక్కకు తీసుకుపో. ఎడమ చెవి దగ్గర చదువు, కుడిచెవి పోయింది. నేను ఎస్నాలో లేను అని చదువు. మిద్దె మీద ఉన్నాను, గోడ పొట్ట ఉబ్బిన సంగతీ విన్నాను, బిడ్డ సంగతీ విన్నాను, అడిగింది విన్నాను, విని కూడా దిగలేదు అని చదువు. మెల్లగా చదువు. మధ్యలో తిడుతుంది, తిట్టనివ్వు. తిట్టడం అయిపోయాక, తాత నిన్ను మాఫీ అడుగుతున్నాడు జేజీ అని చెప్పి, ఆమె ఏమంటుందో ఆ మాట ఈ కాగితం కిందనే రాసుకుని రా తల్లీ. మంచిదైనా సరే, చెడ్డదైనా సరే, మార్చకుండా రాసుకుని రా.